మదర్‌బోర్డు పుట్టుపూర్వోత్తరములు

గోవాడ చక్కెర కర్మాగారము ముందు క్రషింగు ఋతువులో చెరకు బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరి నిలచుట చోడవరం తాలూకా వారెల్లరు ఎరిగినదే. ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో నుండి, పిదప అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను చెరకు రైతు ఎదుర్కొను సమస్య మారలేదు. నరికిన చెరకు ఎండలో నిలచిన కొలది దానిలోని చక్కెర శాతము తగ్గును. మిల్లులోని రోలర్లు ఎంత బలమైనవైనను, కాటా ఒక్కటియే ఉండి, గేటు ఇరుకైనచో, బండి బండి వెనుక నిలువక తప్పదు. అట్టివేళ మిల్లుకు ఇంకొక జత రోలర్లు చేర్చిన ప్రయోజనము లేదు. వెడల్పు చేయవలసినది దారి.

కంప్యూటరులో ఈ దారులన్నియు ఉండు స్థలమే మదర్‌బోర్డు. లెక్కచేయునది ప్రాసెసరు; బొమ్మ గీయునది గ్రాఫిక్స్ కార్డు; సమాచారమును తాత్కాలికముగా పట్టియుంచునది మెమరీ; శాశ్వతముగా దాచునది డిస్కు. మదర్‌బోర్డు ఈ పనులలో ఏదియు స్వయముగా చేయదు. కాని వీని మధ్య సమాచారము నడచు బాటలు, వీనికి విద్యుత్తు అందు మార్గములు, వీనిని తగిలించు స్థలములు అన్నియు దానిమీదనే ఉన్నవి.

వీడియో ఆటలు ఆడుటకు, తీసిన వీడియోలను కూర్చి దిద్దుటకు పనికివచ్చు కంప్యూటరును స్వయముగా అమర్చుకొనవలెనను కోరిక ఈనాడు మన హైస్కూలు విద్యార్థులలో కూడ కనిపించుచున్నది. పూర్వము నగరములలోని స్టూడియోలకే పరిమితమైన ఎడిటింగు పని నేడు పల్లెలోని ఇంటి గదిలో జరుగుచున్నది. కాని అట్టి యంత్రమునకు అగు ఖర్చు సామాన్య కుటుంబమునకు చిన్నది కాదు. మెమరీ చాలకపోయినచో తరువాత చేర్చుకొనవచ్చును. డిస్కు చిన్నదైనచో ఇంకొకటి కొనవచ్చును. మదర్‌బోర్డు పొరపాటున కొన్నచో, తక్కిన భాగములన్నియు ఊడదీయక తప్పదు. కనుక దానిని ఎంచుకొనుటలో తొందరపాటు తగదు. ఎంచుకొనుటకు ముందు దాని చరిత్ర కొంత తెలియవలెను. ఏలయన, నేటి బోర్డుమీద కనిపించు ప్రతి స్లాటు, ప్రతి సాకెట్ ఒకప్పటి ఇబ్బందికి ఎవరో కనిపెట్టిన పరిష్కారమే.

తీగల అడవి నుండి రాగి గీతల వరకు

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఎనియాక్ అను ఎలక్ట్రానిక్ కంప్యూటరును ప్రపంచమునకు చూపిరి. దానిలో సుమారు 18,000 వాక్యూం వాల్వులు ఉండెను. వాని మధ్య సంబంధములను మనుష్యులు చేతితో తీగలు కలిపి, టంకము వేసి ఏర్పరచిరి. దానిచేత క్రొత్త లెక్క చేయించవలెననిన తీగలను ఒకచోట నుండి తీసి మరియొకచోట గ్రుచ్చవలసి వచ్చెడిది.

అయితే తీగలకు బదులుగా రాగి గీతలను పలకమీదనే ఏర్పరచవచ్చునను ఊహ అంతకు పది సంవత్సరములకు ముందే వచ్చినది. ఆస్ట్రియాలో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన పాల్ ఐస్లర్ 1936 ప్రాంతమున ముద్రిత వలయముతో ఒక రేడియోను చేసి చూపెను. విద్యుత్తును ప్రవహింపనీయని పలకపై పలుచని రాగిరేకు అంటించి, అక్కరలేని రాగిని రసాయనములతో కరిగించివేసినచో, కావలసిన గీతలు మాత్రము మిగులును. పుస్తకము అచ్చువేసినట్లు ఒకే నమూనా పలకలను వేలకొలది చేయవచ్చును. చేతితో టంకము వేయునప్పటి పొరపాట్లు దీనిలో ఉండవు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ పద్ధతి ఫిరంగి గుండ్ల ఫ్యూజులలో ఉపయోగపడి, యుద్ధానంతరము సామాన్య పరికరములలో ప్రవేశించినది.

1947లో ట్రాన్సిస్టరు, 1958-59లో సమీకృత వలయము వెలువడిన పిదప కంప్యూటరు భాగములు చిన్న చిన్న కార్డులపై ఒదిగినవి. ఈ కార్డులను ఒక చట్రములో వరుసగా గ్రుచ్చి, వాని వెనుక నున్న పలక ద్వారా ఒకదానితో ఒకటి కలిపెడివారు. కార్డులను మోయు ఈ వెనుక పలకయే నేటి మదర్‌బోర్డుకు పూర్వరూపము. పిల్ల కార్డులను తనపై మోయునది కనుకనే పెద్ద పలకకు తల్లి అను పేరు వచ్చినది.

హైదరాబాదులో తయారైన కంప్యూటర్లు

ఈ దశలోనే తెలుగునాడు కంప్యూటరు చరిత్రలో ప్రవేశించినది. అణుశక్తి శాఖ ఆధ్వర్యమున 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది. దీనిని ఇ.సి.ఐ.ఎల్. అని వ్యవహరింతురు. దాని స్థాపనకు మూలపురుషుడు అయ్యగారి సాంబశివరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన ఈ శాస్త్రజ్ఞుని పేరున హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ వెలసినది. ట్రాంబేలోని అణుశక్తి శాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి.-12 అను 12 బిట్ల కంప్యూటరు 1969లో వెలువడినది. దాని వెనుక 1974లో టి.డి.సి.-312, 1975లో 16 బిట్ల టి.డి.సి.-316, 1978లో మైక్రోప్రాసెసరుతో పనిచేయు మైక్రో-78 వచ్చినవి.

1978వ సంవత్సరమునకు మరియొక ప్రాముఖ్యము కలదు. విదేశీ సంస్థలు తమ వాటాను 40 శాతమునకు తగ్గించుకొనవలెనని భారత ప్రభుత్వము కోరగా, ఐబియం సంస్థ అంగీకరింపక ఆ యేట మన దేశమును విడిచిపోయినది. అది ఇక్కడ విడిచిన యంత్రముల మరమ్మతు భారము కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అను ప్రభుత్వ సంస్థ వహించినది.

ఆనాటి పెద్ద కంప్యూటర్లలో ఒక సంస్థ యంత్రమునకు సాధారణముగా ఆ సంస్థ కార్డులే సరిపోయెడివి. స్లాటులోని ఏ సూదికి ఏ సంకేతము వచ్చునో తయారుచేసిన వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. కొన్నవాడు యంత్రముతో పాటు ఆ సంస్థపై ఆధారపడుటను కూడ కొన్నవాడయ్యెను. మదర్‌బోర్డును కొనుగోలుదారుడే ఎంచుకొనుట అను ప్రశ్నయే ఆనాడు లేదు. ఆ ప్రశ్న పుట్టుటకు యంత్రపు దారుల పటము అందరికి బహిరంగము కావలసియుండెను.

దారుల పటము బయటపడుట

1971లో ఇంటెల్ సంస్థ 4004 అను మైక్రోప్రాసెసరును వెలువరించినది. 1975 జనవరిలో ఆల్టెయిర్ 8800 అను చిన్న కంప్యూటరును గూర్చి అమెరికాలోని ఒక ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రముతో ప్రకటించినది. దానిలో 100 సూదులు గల స్లాట్లు ఉండెను. ఆ సూదుల క్రమము తెలియుటచే ఇతరులు కూడ దానికి సరిపోవు మెమరీ కార్డులు, ఇతర కార్డులు చేసి అమ్మసాగిరి. 1977లో వచ్చిన యాపిల్-2లో ప్రాసెసరు, మెమరీ మొదలైనవి ఒకే పలకపై కూర్చబడి, అదనపు కార్డులకు 8 స్లాట్లు విడువబడినవి.

1981 ఆగస్టు 12న ఐబియం సంస్థ పర్సనల్ కంప్యూటరును ప్రకటించినది. దాని ప్రాసెసరు ఇంటెల్ 8088, వేగము 4.77 మెగాహెర్ట్జ్; బోర్డుపై 5 స్లాట్లు. పని త్వరగా ముగించుటకై ఆ సంస్థ బజారులో దొరకు భాగములతోనే యంత్రమును కూర్చినది. అంతేకాక, ఇతరులు దానికి కార్డులు తయారుచేయుటకు వీలుగా వలయముల పటములను కూడ పుస్తకముగా అమ్మినది. ఇతరులు వాడుకొనరానిది బయాస్ ఒక్కటియే. యంత్రము మేల్కొనగానే మొదట నడచు ఆదేశముల సముదాయమునకు ఆ పేరు. దాని పాఠము సైతము ఆ పుస్తకములోనే అచ్చయినను, గ్రంథస్వామ్యము ఐబియందే కనుక దానిని నకలు చేయరాదు.

1982లో కాంపాక్ సంస్థ ఈ చిక్కును న్యాయముగానే విడదీసినది. బయాస్ ఏ పని చేయవలెనో ఒక వర్గము వారు పరిశీలించి వ్రాసిరి. అసలు పాఠమును ఎన్నడు చూడని మరియొక వర్గము వారు ఆ పనిని చేయు క్రొత్త ఆదేశములను తయారుచేసిరి. అప్పటి నుండి ఐబియం యంత్రమునకు సరిపోవు బోర్డులను అనేక సంస్థలు తయారుచేయసాగినవి. 1984లో ఐబియం పి.సి.-ఏటి వచ్చి 8 బిట్ల దారిని 16 బిట్లకు వెడల్పు చేసినది. దానిని కూడ అందరు అనుసరించిరి.

చేయి జారిన వ్యాపారమును మరల పట్టుకొనుటకై ఐబియం 1987లో పిఎస్-2 యంత్రములలో మైక్రో ఛానెల్ అను క్రొత్త దారిని ప్రవేశపెట్టినది. సాంకేతికముగా అది పాత దారికంటె మేలైనదే. కాని దానిని వాడుకొనదలచిన వారు రుసుము చెల్లించి అనుమతి పొందవలెను. పాత కార్డులు దానిలో పట్టవు. 1988లో కాంపాక్ మొదలైన తొమ్మిది సంస్థలు ఏకమై, పాత కార్డులను కూడ స్వీకరించు మరియొక దారిని ప్రకటించినవి. కొన్ని సంవత్సరములలో మైక్రో ఛానెల్ మాసిపోయినది. మంచి దారియైనను తలుపు వేసియుంచినచో జనులు ఆ దారిన నడువరని ఈ పోటీలో తేలినది.

1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ కొలతలతో ఈ స్వేచ్ఛ స్థిరపడినది. బోర్డు పొడవు 305 మిల్లీమీటర్లు, వెడల్పు 244 మిల్లీమీటర్లు; మరలు బిగించు రంధ్రములు, వెనుకవైపు తొడుగుల స్థానము, విద్యుత్తు అందించు ప్లగ్గు అన్నియు నిర్ణయింపబడినవి. 244 మిల్లీమీటర్ల చదరపు మైక్రో ఏటీఎక్స్ 1997లోను, 170 మిల్లీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ 2001లోను వచ్చినవి. ఒక దేశములో చేసిన పెట్టెలో మరియొక దేశములో చేసిన బోర్డు సరిగా కూర్చుండుటకు ఈ కొలతలే కారణము. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్ల మనవారు ఒక దుకాణములో ప్రాసెసరును, ఇంకొక దుకాణములో బోర్డును కొని కంప్యూటరును కూర్చుకొనగలుగుట ఈ చరిత్ర ఫలమే.

దారి వెడల్పు: ఒక చిన్న లెక్క

దారి ఎంత వెడల్పు ఉండవలెనో తెలియవలెననిన బొమ్మ బరువు ఎంతో తెలియవలెను. ఈ లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో చేయింపవచ్చును.

తెరపైని బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడును. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల పాళ్లకు మూడు బైట్లు కావలెననుకొందము. 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు గల బొమ్మకు 640 × 480 × 3, అనగా 9,21,600 బైట్లు అగును. సెకనుకు 30 బొమ్మల చొప్పున ఇది సెకనుకు సుమారు 27.6 మెగాబైట్లు. ఏటి యంత్రపు 16 బిట్ల దారి ఆచరణలో సెకనుకు సుమారు 8 మెగాబైట్లు మాత్రమే మోయగలదు. కనుక ఆ దారిన ఇంత చిన్న కదలు బొమ్మను కూడ కుదింపక పంపుట అసాధ్యము.

1992లో వచ్చిన పిసిఐ దారి సెకనుకు గరిష్ఠముగా 133 మెగాబైట్లు మోసినది. పై బొమ్మకు ఇది చాలును. కాని ఈ దారిని కార్డులన్నియు పంచుకొనవలెను. ఆటలలో బొమ్మల వివరములు పెరుగగా, గ్రాఫిక్స్ కార్డుకు మాత్రమే ప్రత్యేకమైన ఏజీపీ అను దారి 1997లో బోర్డులపై వచ్చినది. ఆటల కోరిక బోర్డు ఆకృతిని మార్చుట ఇచ్చట స్పష్టముగా కనిపించును.

2003లో నిర్ణయింపబడి 2004లో బోర్డులపైకి వచ్చిన పిసిఐ ఎక్స్‌ప్రెస్ ఈ పద్ధతినే మార్చివేసినది. దీనిలో అందరు పంచుకొను ఒకే రస్తా లేదు. ఒక్కొక్క కార్డుకు విడివిడిగా కొన్ని బాటలు ఉండును. ఈ బాటను లేన్ అందురు. మొదటి తరములో ఒక లేన్ ఒక దిశలో సెకనుకు 250 మెగాబైట్లు మోసెడిది. తరము మారినప్పుడెల్ల ఇది సుమారు రెట్టింపగుచు వచ్చినది. 2010లో నిర్ణయింపబడిన మూడవ తరములో దాదాపు 985 మెగాబైట్లు, 2017లో వచ్చిన నాలుగవ తరములో సుమారు 1.97 గిగాబైట్లు, 2019లో వచ్చిన ఐదవ తరములో సుమారు 3.94 గిగాబైట్లు. గ్రాఫిక్స్ కార్డుకు సాధారణముగా 16 లేన్లు ఇత్తురు. నాలుగవ తరములో వాని మొత్తము సెకనుకు సుమారు 31.5 గిగాబైట్లు.

ఇప్పుడు నేటి వీడియోను లెక్కింతము. 4కే అను తెరలో 3840 × 2160 చుక్కలు. ఒక్కొక్క బొమ్మకు సుమారు 24.9 మెగాబైట్లు, సెకనుకు 30 బొమ్మలకు సుమారు 746 మెగాబైట్లు. కెమెరా వీడియోను కుదించి దాచును కనుక డిస్కుపై ఇది చాల తక్కువగా కనిపించును. కాని దిద్దువేళ ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు దానిని విప్పి పూర్తి బొమ్మలుగా చేయక తప్పదు. రెండు మూడు వీడియోలను ఒకదానిపై ఒకటి పేర్చినచో ఈ భారము అన్ని రెట్లగును. కుదింపని బొమ్మలను డిస్కులో దాచి చదువవలసివచ్చినచో, సెకనుకు 600 మెగాబైట్లకు మించని సాటా దారి ఒక్క వీడియోకు కూడ చాలదు. ఎం.2 అను చిన్న స్లాటులో గ్రుచ్చి నాలుగు లేన్లతో నడచు ఎన్‌విఎంఈ డిస్కు నాలుగవ తరములో 7 గిగాబైట్లకు పైగా మోయగలదు.

ప్రాసెసరులోనికి తరలిన దారులు

పూర్వము బోర్డుపై రెండు పెద్ద చిప్పులు ఉండెడివి. మెమరీని, గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసరుతో కలుపునది ఒకటి. డిస్కులు, కీబోర్డు మొదలైన మెల్లని పరికరములను కలుపునది మరియొకటి. ఈ రెంటిని కలిపి చిప్‌సెట్ అనెడివారు. మంచి చిప్‌సెట్ గల బోర్డు నిజముగానే కంప్యూటరు వేగమును పెంచెడిది.

2003లో ఏఎండి సంస్థ మెమరీని నడపు వలయమును ప్రాసెసరులోనికే చేర్చినది. 2008లో ఇంటెల్ కూడ ఇట్లే చేసినది. పిదప గ్రాఫిక్స్ కార్డుకు పోవు లేన్లు కూడ ప్రాసెసరు నుండియే బయలుదేరసాగినవి. ఫలితముగా మొదటి చిప్పు మాయమైనది. నేటి బోర్డుపై మిగిలిన ఒక్క చిప్పునే చిప్‌సెట్ అనుచున్నారు. ఒకే ప్రాసెసరును, ఒకే మెమరీని, ఒకే గ్రాఫిక్స్ కార్డును సామాన్యమైన బోర్డుపైన, దానికి మూడు రెట్లు ధర గల బోర్డుపైన పెట్టి ఆట ఆడినచో, రెండింటి విద్యుత్ సరఫరా సరిగానున్నంతవరకు, తెరపై కనిపించు తేడా సాధారణముగా స్వల్పము. బోర్డు క్రొత్తగా వేగమును సృష్టింపదు. ఉన్న వేగమునకు అడ్డు రాకుండుటయే దాని పని.

ఈ మార్పువలన మరియొక పరిణామము కలిగినది. ప్రాసెసరు మారినచో దాని సూదులు, అది వాడు మెమరీ కూడ మారును. కనుక బోర్డు జీవితకాలము సాకెట్ జీవితకాలముపై ఆధారపడును. 2016లో ఏఎండి తెచ్చిన ఏఎం4 సాకెట్‌లో 2022 తరువాత కూడ క్రొత్త ప్రాసెసర్లు వచ్చినవి. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్ డిడిఆర్5 మెమరీని మాత్రమే స్వీకరించును. ఇంటెల్ 2020లో 1200 సూదుల సాకెట్‌ను, 2021లో 1700 సూదుల సాకెట్‌ను, 2024లో 1851 సూదుల సాకెట్‌ను తెచ్చినది. 1700 సూదుల బోర్డులలో కొన్ని డిడిఆర్4ను, కొన్ని డిడిఆర్5ను వాడును. ఈ రెండు మెమరీల గాడి ఒకేచోట ఉండదు కనుక ఒకటి మరియొకదాని స్థానములో పట్టదు. ఈనాడు బోర్డు కొనువాడు రానున్న నాలుగైదు సంవత్సరములలో తాను చేయగల మార్పులను కూడ కొనుచున్నాడు.

వంద యాంపియర్ల ప్రవాహము

బోర్డు చేయు మరియొక ముఖ్యమైన పని విద్యుత్తును మలచుట. పవర్ సప్లయి బోర్డుకు 12 వోల్టుల విద్యుత్తు నిచ్చును. ప్రాసెసరుకు కావలసినది సుమారు 1.2 వోల్టులు. ప్రాసెసరు 120 వాట్లు వినియోగించుచున్నదనుకొందము. వాట్లను వోల్టులతో భాగించినచో 100 యాంపియర్లు వచ్చును. ఇంటిలోని 230 వోల్టుల తీగలో ఇదే 120 వాట్లకు అర యాంపియరుకు కొంచెము మించిన ప్రవాహము చాలును. అరచేతిలో పట్టు స్థలములో 100 యాంపియర్లను నడపుట సామాన్యమైన పని కాదు.

నిరోధము గల మార్గములో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమునకు అనులోమానుపాతములో ఉండునని పదవ తరగతి విద్యార్థులకు తెలియును. 100 యాంపియర్లు ఒకే మార్గమున పోయినచో వేడి 10,000 పాళ్లు. అదే ప్రవాహమును సమానమైన నిరోధము గల 8 మార్గములకు పంచినచో ఒక్కొక్కదానిలో 12.5 యాంపియర్లు, దాని వర్గము 156.25, ఎనిమిదింటి మొత్తము 1,250 పాళ్లు. అనగా వేడి ఎనిమిదవ వంతునకు తగ్గినది. మంచి బోర్డులలో ప్రాసెసరు చుట్టు ఎక్కువ ఫేజులు, వానిపై అల్యూమినియపు దిమ్మలు ఉండుటకు కారణమిదియే.

ఆటకును ఎడిటింగుకును తేడా ఇచ్చట ముఖ్యము. ఆటలో ప్రాసెసరుపై భారము హెచ్చుతగ్గులుగా ఉండును. పూర్తియైన వీడియోను తుదిరూపములో వ్రాయించునప్పుడు ప్రాసెసరు గంటలకొలది పూర్తి శక్తితో పనిచేయవలసి రావచ్చును. బోర్డులోని విద్యుత్ భాగము బలహీనమైనచో అది వేడెక్కి, తన్ను కాపాడుకొనుటకై ప్రాసెసరు వేగమును తగ్గించును. ఖరీదైన ప్రాసెసరు కొని ఫలితము పొందకపోవుటకు ఇది ఒక కారణము. సముద్రతీరమునకు చేరువైన మన జిల్లాలలో ఎండకాలపు గది వేడిమి, గాలిలోని తేమ కూడ లెక్కలో చేర్చుకొనవలెను.

విద్యుత్ భాగమును ఉపేక్షించినందువలని నష్టమునకు చరిత్రలో పెద్ద ఉదాహరణము కలదు. 1999 నుండి 2007 వరకు తయారైన అనేక సంస్థల బోర్డులపై ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు రెండు మూడేండ్లకే ఉబ్బి, పగిలి, యంత్రములు ఆగిపోయినవి. లోపలి ద్రవము సరియైనది కాకపోవుటయే ముఖ్య కారణము. ఆ పిదప మంచి బోర్డులలో ద్రవమునకు బదులు ఘన పదార్థము గల కెపాసిటర్లు వాడుట సామాన్యమైనది.

ఎంచుకొను విధానము

ఈ చరిత్రను ఎదుట నుంచుకొన్నచో ఎంపిక సులభమగును. మొదట ప్రాసెసరును, గ్రాఫిక్స్ కార్డును నిర్ణయించి, పిదప వానికి తగిన బోర్డును వెదకవలెను. ముందు బోర్డును చూచి మోజుపడుట పల్లకి కొని పిదప బోయీలను వెదకుటవంటిది.

రెండవది మెమరీ. డిడిఆర్5లో 6000 అను గుర్తు గల ఒక మెమరీ కడ్డీ సెకనుకు 48 గిగాబైట్లు మోయును. రెండు కడ్డీలను సరియైన స్లాట్లలో పెట్టినచో 96 గిగాబైట్లు. కనుక 32 గిగాబైట్ల కడ్డీ ఒకటి కొనుటకంటె 16 గిగాబైట్లవి రెండు కొనుట మేలు. ఆటకు 16 గిగాబైట్లతో చాలవరకు జరిగినను, 4కే వీడియో దిద్దుటకు 32 గిగాబైట్లు ఉండుట మంచిది. బోర్డుపై నాలుగు స్లాట్లు ఉన్నంత మాత్రమున నాలుగు కడ్డీలు అదే వేగముతో నడుచునని తలచరాదు. ఏఎం5లో రైజెన్ 7000 తరగతి ప్రాసెసరుకు రెండు కడ్డీలతో అధికారిక వేగము 5200. నాలుగింటితో 3600 మాత్రమే.

మూడవది లేన్ల లెక్క. ఏఎం5 ప్రాసెసర్లలో సాధారణముగా 28 లేన్లు. వానిలో 4 చిప్‌సెట్‌కు పోగా, 16 గ్రాఫిక్స్ కార్డుకును, 8 రెండు వేగవంతమైన డిస్కుల వంటి వానికిని మిగులును. చిప్‌సెట్ ద్వారా కలిసిన పరికరములన్నియు కలిసి ఆ నాలుగు లేన్లనే పంచుకొనవలెను. ఆటకు గ్రాఫిక్స్ కార్డు దారి, ఒక వేగవంతమైన డిస్కు చాలును. ఎడిటింగునకు మాత్రము యంత్రము నడచుటకు ఒకటి, వీడియోలు ఉంచుటకు ఒకటి చొప్పున రెండు ఎం.2 స్లాట్లు ప్రాసెసరుతో నేరుగా కలిసియున్నచో మిక్కిలి అనుకూలము. కొన్ని బోర్డులలో ఒక ఎం.2 స్లాటును వాడినచో కొన్ని సాటా తొడుగులు పనిచేయవు. ఇది బోర్డు పుస్తకములో వ్రాసియుండును.

నాలుగవది బయటి తొడుగులు. కెమెరాలోని 64 గిగాబైట్ల వీడియోను యుఎస్‌బి 2.0 ద్వారా, దాని గరిష్ఠ వేగమైన సెకనుకు 60 మెగాబైట్ల చొప్పున దించుకొన్నను దాదాపు 18 నిమిషములు పట్టును. ఆచరణలో ఇంకను ఎక్కువ. సెకనుకు 500 మెగాబైట్లు మోయగల యుఎస్‌బి 3 తొడుగు ద్వారా, కార్డు కూడ అంత వేగమైనదైనచో, రెండు నిమిషములకు కొంచెము మించును. దినదినము వీడియోలు దించువానికి ఈ తేడా పెద్దది. ఆట ఆడువానికి లేదు.

ఐదవది బయాస్. బోర్డు తయారైన తరువాత వచ్చిన ప్రాసెసరును అది గుర్తింపవలెననిన క్రొత్త బయాస్ ఎక్కింపవలెను. కొన్ని బోర్డులపై ప్రాసెసరు లేకయే, యుఎస్‌బి కడ్డీ సాయముతో దీనిని ఎక్కించు మీట ఉండును. చిన్న పట్టణములలో కొనువారికి ఈ సౌకర్యము విలువైనది. పాత ప్రాసెసరు ఎరువు తెచ్చుకొను పని తప్పును.

ఇక డబ్బు వెచ్చింపనక్కరలేనివి కూడ చెప్పవలెను. రంగురంగుల దీపములు, కవచముల అందము, పెట్టెపై అచ్చువేసిన ఆటగాళ్ల బిరుదులు ఒక్క లేన్‌ను కూడ పెంచవు. వేగమును నియమితస్థాయికి మించి పెంచు ఉద్దేశము లేనివానికి అందుకై అధిక ధర గల చిప్‌సెట్ అక్కరలేదు. అట్లు మిగిలిన డబ్బుతో మెమరీని, మంచి పవర్ సప్లయిని, యు.పి.ఎస్.ను కొనుట వివేకము. ఇంటి గోడలోని మూడవ సూది రంధ్రమునకు నిజముగా ఎర్తు ఉన్నదో లేదో విద్యుత్ పనివానిచే పరీక్షింపజేయుట వీనికంటె ముందు చేయవలసిన పని.

తరగతిలో ఒక పాత బోర్డు

పాడైన మదర్‌బోర్డు ఏ మరమ్మతు దుకాణములోనైనను చవకగా దొరకును. ఉపాధ్యాయులు దానిని తరగతిలో బల్లపై ఉంచి, పై భాగములను విద్యార్థులచే గుర్తింపజేయవచ్చును. ప్రాసెసరు సాకెట్ నుండి మెమరీ స్లాట్లకు పోవు రాగి గీతలను పరికించినచో ఒక విశేషము కనిపించును. కొన్ని గీతలు తిన్నగా పోక, పామువలె మెలికలు తిరిగియుండును. స్థలము వృథా చేసి ఇట్లేల గీసిరని విద్యార్థులను అడుగవలెను.

సమాధానము ఇది. బోర్డులో సంకేతము ఒక నానోసెకనుకు, అనగా సెకనులో నూరుకోట్లవ వంతునకు, సుమారు 15 సెంటీమీటర్లు పోవును. 6000 గుర్తుగల మెమరీలో ఒక్కొక్క బిట్టు ఉండు కాలము నానోసెకనులో ఆరవ వంతు. ఆ వ్యవధిలో సంకేతము నడచునది రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఒక గుంపులోని బిట్లన్నియు ఒకేసారి చేరవలెను. ఒక గీత పొట్టిగాను, ఒకటి పొడవుగాను ఉన్నచో ఒక బిట్టు ముందు చేరి, మరియొకటి వెనుకబడి, అక్షరము తప్పిపోవును. కనుక దగ్గరి గీతను మెలికలు త్రిప్పి, దూరపు గీతతో సమానము చేసిరి.